పూర్వపక్షం వరకే

సత్యశ్రీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన కూతురు నిఖితని కాన్వెంటు బడి నుంచి పంపించేస్తారని. పిల్లకి జ్వరం వస్తుందేమోనని, వానాకాలం గెడ్డ పొంగి ఇంట్లోకి నీళ్ళొస్తాయేమోనని, ఆటో తోలే భర్త నరేష్ ఎక్కడ గుద్దుకుంటాడోనని ఆమె భయపడని రోజంటూ లేదు. కానీ ఆ భయాలు వచ్చిపోయేవి. బడి భయం మాత్రం కడుపులో కాపురం పెట్టేసింది.

పొద్దున్నే పిల్ల మెడలో ఐడీ కార్డు వేశాక గుమ్మం దగ్గర ఒకసారి తడిమి చూస్తుంది. ఆటో ఎక్కాక మళ్ళీ చూస్తుంది. బడి గేటు దగ్గర ఇంకోసారి. కార్డు పోయినంత మాత్రాన ఎవరూ పంపించెయ్యరని తోటి తల్లులు నవ్వేవారు. వాళ్ళ పిల్లలు ఫీజు కట్టి చదువుతున్నవాళ్ళు. నిఖిత సీటు అలాంటిది కాదు. కొండ మీద ఫాదర్ల కాలేజీలో సత్యశ్రీ అటెండరు. కాలేజీలో అటెండర్ల పిల్లలు కొండ కింద సిస్టర్ల బడిలో ఊరికే చదువుకోవచ్చు. దానికి రూలేమీ లేదు, ఆనవాయితీ అంతే. ఏటేటా ఏప్రిల్లో ప్రిన్సిపాలు ఒక ఫారం మీద సంతకం పెడితే జూన్లో పిల్ల పై తరగతికి వెళుతుంది. పెట్టకపోతే వెళ్ళదు. ఎందుకు పెట్టలేదని అడగడానికి ఎక్కడా ఒక కిటికీ లేదు.

సత్యశ్రీ ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో మానేసింది. తల్లికి పక్షవాతం వచ్చి, ఇంట్లో ఒక మనిషి కావలసి వచ్చింది. తల్లి పోయాక ఆ మనిషిని మేనత్త కొడుక్కిచ్చి కంచరపాలెం పంపించారు. ఇప్పుడామెకి ఇరవై ఆరేళ్ళు. ఎవరైనా కాస్త ఇంగ్లీషు కలిపి గట్టిగా అడిగితే చాలు, గొంతు పట్టేస్తుంది. బ్యాంకులో, ఆస్పత్రిలో, రేషన్ దగ్గర తన మాట తను చెప్పుకోలేక తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. నిఖిత అలా కాకూడదు. ఆమె కోరిక అంతే, ఇంకేమీ పెద్దది కాదు.

ఫాదర్ల కాలేజీకి ఒక నియమం ఉండేది. బీకాం చదివినా, కంప్యూటర్లు చదివినా, రెండేళ్ళపాటు రోజూ ఒక గంట తత్వశాస్త్రం వినాల్సిందే. అది చదవందే ఆ కాలేజీలో డిగ్రీ పూర్తయినట్టు కాదు. కాలేజీ కట్టిన పాతకాలం ఫాదర్లు పెట్టిన నియమం అది. నమ్మేవాడు ప్రశ్నకి భయపడకూడదనీ, భయపడితే ఆ నమ్మకంలోనే ఏదో లోటుందనీ వాళ్ళు అనుకునేవారట. పిల్లలు మాత్రం దాన్ని నిద్ర గంట అనేవారు. అదీ మొదటి వారమే. తర్వాత ఎవరూ నిద్రపోయేవారు కాదు, ఎందుకంటే ఆ గంట చెప్పేది శ్రీరామ్మూర్తి మాస్టారు.

ఆయనది నరసన్నపేట దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. క్రైస్తవుడు కాదు. అయినా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్కడ ఆ పాఠం ఆయనదే. ఫాదర్లు కాబోయే కుర్ర బ్రదర్లు కూడా ఆయన ముందే కూర్చునేవారు. మాస్టారు బొట్టు పెట్టుకోరు, శిలువా వేసుకోరు, ఆయన నుదురు వైజాగులో మిగిలిన ఆఖరి ఖాళీ స్థలం, ఎవరో ఒకరు కబ్జా చేస్తారు చూడండి అని స్టాఫ్ రూంలో నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవారు.

ఆయన క్లాసులో పద్ధతి ఒకటే. ఎవరి మాటనైనా కాదనాలంటే ముందు ఆ మాటని కాదనేవాడే చెప్పాలి. ఎలా చెప్పాలంటే, ఎదుటివాడు విని, అవును, నా మాట ఇదే, నాకంటే నువ్వే బాగా చెప్పావు అనాలి. అతను అలా అనేదాకా జవాబు మొదలుపెట్టే హక్కు లేదు. ఆ మొదటి సగాన్ని ఆయన పూర్వపక్షం అనేవారు. మన పాత పండితులు అలాగే వాదించేవారట. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట విదేశాల్లో క్రైస్తవ సన్యాసులు కూడా అలాగే రాసేవారట. దేవుడు ఉన్నాడని చెప్పబోయే ముందు, లేడనడానికి ఉన్న కారణాలన్నీ వాళ్ళే వరసగా పెట్టి, ఒక్కటి కూడా దాచకుండా, ఆ తర్వాతే జవాబుకి దిగేవారట. ఎదుటివాడి మాటని పలచన చేసి చెప్పినవాణ్ణి మాస్టారు కూర్చోబెట్టేసేవారు. పూర్వపక్షం చెప్పి జవాబు చెప్పలేకపోతే ఎదుటి పక్షమే నిలిచినట్టని కూడా ఆయన లెక్క.

సత్యశ్రీ స్టూలు ఆ గది తలుపు పక్కనే. గంట కొట్టడం, హాజరు పుస్తకం అందించడం, కిటికీ ఊచల మీద హార్బరు నుంచి వచ్చి పడే బొగ్గు నుసి తుడవడం ఆమె పని. ఊచలు ఎంతసేపు తుడుస్తావమ్మా అని ఎవరూ అడగలేదు గనక, పాఠం జరుగుతున్నంతసేపూ తుడిచేది.

ఒకరోజు మాస్టారు ఒక ప్రశ్న ఇచ్చారు. చావుకి దగ్గరైన మనిషికి ఆ సంగతి దాచవచ్చా అని. నాగవంశీ అనే బీకాం కుర్రాడు దాచకూడదన్నాడు. దాచవచ్చనే వాళ్ళు అతని మాటని తిరిగి చెప్పాలి. ముగ్గురు లేచి చెప్పారు. నా మాట అది కాదని నాగవంశీ ముగ్గురినీ కూర్చోబెట్టేశాడు. అప్పుడు మాస్టారు తలుపు వైపు తిరిగి, సత్యశ్రీ, నువ్వు చెప్పగలవా అమ్మా అన్నారు.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. గొంతు పట్టేస్తుందనుకుంది. పట్టెయ్యలేదు.

"మా అమ్మకి సెప్పనేదండి. ఆవిడ ఏడిత్తాదని సెప్పనేదనుకున్నాం. ఆవిడ ఏడిస్తే మనం సూడలేమని సెప్పనేదు. దాసీది మన కోసమండి, ఆ మనిషి కోసం కాదు. సెప్పుంటే ఆవిడ నాకేటి సెప్పీదో నాకిప్పటికీ తెల్దు."

నాగవంశీ లేచి, అవునక్కా, నా మాట అదే, నాకంటే నువ్వే బాగా చెప్పావు అన్నాడు. ఇప్పుడు జవాబు చెప్పమన్నారు మాస్టారు. ఆమె దగ్గర జవాబు లేదు. గంట వేళయిందని పరిగెత్తింది. వెనకాల అందరూ నవ్వారు. నలుగురు నవ్వితే సిగ్గు కాకుండా సంతోషం కలగడం ఆమెకి అదే మొదలు. ఆ సాయంత్రం నరేష్‌కి ఆ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడోసారి అతను ఫోను చూసుకుంటూ ఊకొట్టాడు.

జనవరిలో కొత్త ప్రిన్సిపాలు వచ్చారు. ఫాదర్ శౌరిరాజుకి నలభై దాటలేదు. ఈ కాలేజీలోనే చదివి, మాస్టారి ముందు రెండేళ్ళు కూర్చుని, ఆ తర్వాత ఫాదరైనవారు. గొంతు పెంచరు. టేబుల్ మీద కాగితం వంకరగా ఉంటే మాట మధ్యలో ఆపి సరిచేస్తారు. పోర్టులో సరుకు దింపే ఒక కంపెనీ వాళ్ళు రవాణా కోర్సు పెడితే యంత్రాలన్నీ తామే ఇస్తామన్నారు. దానికి రోజూ ఒక గంట కావాలి, రెండు పెద్ద గదులు కావాలి. గంటా గదులూ తత్వశాస్త్రం దగ్గరున్నాయి. ఫాదర్ మాటలో కూడా తప్పేమీ లేదు. మా పిల్లలకి ఉద్యోగం ఏదీ అని తల్లిదండ్రులు అడుగుతుంటే ఆయన ఏం చూపించాలి?

కానీ పాత నియమం తీసెయ్యడం ఒక్క ప్రిన్సిపాలు వల్ల కాదు. కాలేజీని నడిపే ఫాదర్ల సభలోని పెద్దలు ముగ్గురు ఒప్పుకోవాలి. వాళ్ళకి ఆ పాఠమంటే ప్రాణం. ఉద్యోగాల మాట చెబితే కదలరు. వాళ్ళని కదిలించే మాట ఒక్కటే: ఈ క్లాసు వల్ల పిల్లల విశ్వాసం చెడిపోతోందని. ఒక తండ్రి అలా ఉత్తరం రాశాడు. ఒక్క ఉత్తరం చాలదు. రోజూ ఆ గదిలో ఉన్న మనిషి చెప్పాలి. విద్యార్థుల్ని పిలిస్తే వాదిస్తారు. కాబట్టి అటెండరుని పిలిచారు.

ఫాదర్ ఆమెకి కుర్చీ చూపించారు. క్లాసులో ఏం జరుగుతుందో చూసింది చూసినట్టు రేపు ఆఫీసులో చెప్పమన్నారు. ఎవరి మీదా ఏమీ కల్పించవద్దనీ అన్నారు. టేబుల్ మీద నిఖిత ఫారం ఉంది. సంతకం పెట్టే చోటు ఖాళీగా ఉంది. దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు. మాట్లాడుతున్నంతసేపూ దాని అంచుని టేబుల్ అంచుకి సరిగ్గా చేర్చి, చెయ్యి తీసి, మళ్ళీ చేర్చారంతే.

ఇంటికి వచ్చి చెప్పేసరికి అత్త అసిరమ్మ రొయ్యలు ఒలుస్తోంది. తలెత్తకుండానే వింది.

"ఒలే సత్తే, ఆ మాస్టారు నీకేటవుతాడే? ఆడికి పెళ్ళాం పోయింది, పిల్లల్నేరు. ఆడికి పోయీదేటి? నీకు గుంటపిల్లుంది. ఆ ఫాదరు ఏటి సెప్పమంతే అది సెప్పీసి రా."

ఏమీ కల్పించొద్దన్నారత్తా, నిజమే చెప్పమన్నారు అంది సత్యశ్రీ. మరింకేం, నువ్వేమైనా పెద్ద ప్లీడరువా, రెండు ముక్కలు చెప్పేసి రాలేవా అన్నాడు నరేష్.

ఆమె ఆ సాయంత్రమంతా ఆలోచించింది. అబద్ధం చెప్పదు. మాస్టారి మీద చెప్పదు. ఫాదర్‌కి కోపమూ తెప్పించదు. ఈ మూడూ ఒకేసారి ఎలా కుదురుతాయో తెలియక పొయ్యి ముందు నిలబడి ఉండగా ఆమెకి తోచింది: పద్ధతి ఉందిగా. ముందు ఫాదర్ మాటని ఫాదర్ కంటే బాగా చెబుతుంది. ఒక్కటీ దాచదు. ఆయన ఔనంటారు. అప్పుడు జవాబు చెబుతుంది. ఆయన కూడా ఆ క్లాసులో కూర్చున్నవారే. ఇంతకంటే మర్యాదైన దారి ఏముంటుంది? కోపమెందుకొస్తుంది?

గంజి వారుస్తూ పూర్వపక్షం అప్పజెప్పుకుంది. పిల్లకి జడ వేస్తూ జవాబు అప్పజెప్పుకుంది. జవాబు ఆమెకి ఎంత నచ్చిందంటే, పడుకోబోయే ముందు నిఖితకి కూడా వినిపించింది. పిల్ల సగంలో నిద్రపోయింది.

మర్నాడు ఆఫీసులో ఫాదర్, సూపరింటెండెంటు సీతారామాంజనేయులు గారు ఉన్నారు. ఆయన కంప్యూటర్ మీద టైపు చెయ్యాలి. సత్యశ్రీ నిలబడే, ముందు మీ పక్షం చెప్తానండి ఫాదర్ అంది. ఫాదర్ ఆమెని కొంచెం పరీక్షగా చూశారు. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. చెప్పమ్మా అన్నారు. సూపరింటెండెంటు వైపు తిరిగి, ఆ మొదటి ముక్క అక్కర్లేదండీ, ఇక్కడినుంచి కొట్టండి అన్నారు.

ఆమె చెప్పింది. పదిహేడేళ్ళ పిల్లలు ఇంట్లో ప్రార్థన చేసుకుని వస్తారు. ఆ గదిలో దేవుడు లేడనడానికి కారణాలు ముందు రాయిస్తారు. జవాబు రేపంటారు. రేపు సగం మంది రారు. బస్సు దొరకదు, జ్వరమొస్తుంది, సినిమా ఉంటుంది. అలా రాని పిల్లకి ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. మెట్ల మీద కూర్చుని ఒక పిల్ల ఏడ్చింది. రాత్రి జపమాల చేత్తో పట్టుకుంటే నోట మాట రావడం లేదక్కా అంది. ఆ పిల్లని ఇంట్లో ఎవరు ఓదారుస్తారు? తల్లికి ఈ చదువు తెలీదు. తండ్రి షిప్‌యార్డులో పనికి పోతాడు. పిల్లల్ని మనల్ని నమ్మి పంపించారు. నమ్మి పంపిస్తే, నమ్మకాన్నే ముక్కలు చేసి పరీక్ష పెట్టడం న్యాయమా?

ఏడ్చిన పిల్ల సంగతి చెప్పకుండా ఉండొచ్చు. కానీ బలమైన మాట దాస్తే మాస్టారు కూర్చోబెట్టేస్తారు.

ఫాదర్ చేతులు కట్టుకుని విన్నారు. "అవునమ్మా. నా మాట ఇదే. నాకంటే నువ్వే బాగా చెప్పావు."

అచ్చం క్లాసులో అన్నట్టే అన్నారు. సత్యశ్రీ ఒళ్ళు తేలికైపోయింది. ఊపిరి పీల్చుకుని రెండో సగం ఎత్తుకోబోయింది. ఏడ్చిన పిల్ల మూడో రోజు తిరిగొచ్చిందనీ, జవాబు వినడానికి ఆ పిల్లే ముందు బల్ల మీద కూర్చుందనీ, ఇప్పుడు ఆ పిల్లే గుడిలో చిన్నపిల్లలకి జపం నేర్పుతోందనీ చెప్పాలి. రెండేళ్ళలో ఆ గదిలో ఎవరి దేవుడూ పోలేదనీ, అరుచుకుంటూ వచ్చిన పిల్లలు వినడం నేర్చుకుని వెళ్ళారనీ చెప్పాలి.

చాలు, ప్రింటు తియ్యండి అన్నారు ఫాదర్.

జవాబు కూడా ఉందండి అంది ఆమె. ఫాదర్ తల ఊపారు. ఉండాలి కదమ్మా అన్నారు. అయితే జవాబు మాస్టారు లేకుండా చెబితే ఏం బాగుంటుంది, ఎల్లుండి పెద్ద ఫాదర్లు వస్తారు, మాస్టారూ ఉంటారు, వాళ్ళందరి ముందూ చెప్పు అన్నారు. ఆమెకి అది న్యాయంగానే తోచింది. మాస్టారు వింటుండగా చెప్పడం ఇంకా బాగుంటుంది. ప్రింటు తీసిన కాగితం చదవకుండానే సంతకం పెట్టింది.

ఎల్లుండి వచ్చింది. పొడవాటి టేబులుకి ఒక పక్క ముగ్గురు పెద్ద ఫాదర్లు. అందరికంటే పెద్దాయన చెవిలో మిషను. మరో పక్క ఫాదర్ శౌరిరాజు. ఎదురుగా ఒంటి కుర్చీలో శ్రీరామ్మూర్తి మాస్టారు. ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. సత్యశ్రీ అలవాటు కొద్దీ తలుపు పక్కన నిలబడింది. సూపరింటెండెంటు కాగితం చదివారు.

తన మాటలే. కానీ ఆమె గుర్తుపట్టలేకపోయింది. పైన ఒక వాక్యం చేరింది: నేను ప్రత్యక్షంగా చూసిన విషయములు. పిల్ల ఏడ్చిందన్నది తీవ్ర మానసిక క్షోభకు గురైనదిగా మారింది. నమ్మకాన్ని ముక్కలు చేస్తున్నారన్నది విశ్వాసమును ఉద్దేశపూర్వకముగా ధ్వంసం చేయుచున్నారు అని మారింది. కింద ఆమె సంతకం, వంకరగా, తనదే.

ఇవి నీ మాటలేనా అని పెద్దాయన అడిగారు. అవునండి అంది. కాదనడానికి ఏ ముక్క పట్టుకోవాలో తెలియలేదు.

మాస్టారు చదివినంతసేపూ కళ్ళు మూసుకుని విన్నారు. చదవడం అయ్యాక తెరిచారు. ముఖంలో కోపం లేదు. సంతోషమే ఉంది, అదీ ఘోరం.

"ఇది పూర్వపక్షం ఫాదర్. మా గదిలో చెప్పే తీరే. నా మీద నేను కూడా ఇంత బాగా చెప్పలేను. దీనికి రెండో సగం ఉంటుంది."

మీరే చెప్పండి మరి అన్నారు పెద్దాయన. నేను చెబితే నా కూడు కోసం చెప్పినట్టుంటుంది, ఆ గదిలో విన్నవాళ్ళు చెబితేనే దానికి విలువ అన్నారు మాస్టారు. కుర్చీలో వెనక్కి తిరిగారు.

"మిగతాది చెప్పమ్మా సత్యశ్రీ."

ముగ్గురు పెద్దలూ ఆమె వైపు చూశారు. ఆ ముగ్గురూ వినాలనే చూస్తున్నారు. పెద్దాయనైతే చెవిలో మిషను సరిచేసుకున్నారు కూడా. అంత మంది పెద్దవాళ్ళు ఆమె మాట కోసం ఎదురుచూడటం అదే మొదలు.

చెప్పమ్మా, ఎవరూ ఆపరు అన్నారు ఫాదర్ శౌరిరాజు, మెత్తగా. అంటూ ముందున్న ఫైలు తెరిచి ఒక కాగితం పైకి తీశారు. నిఖిత ఫారం. తలుపు దగ్గరినుంచి కూడా మూలనున్న ఫొటో, రెండు జడలు కనిపిస్తున్నాయి. ఆయన పెన్ను మూత తీశారు. సంతకం చెయ్యలేదు. పెన్ను కాగితానికి బెత్తెడు ఎత్తులో పట్టుకుని, ఆమె వైపు చూస్తూ ఆగారు.

రెండో సగం మొత్తం ఆమె నాలుక మీదే ఉంది. ఒక్క ముక్క మర్చిపోలేదు. ముందు బల్ల మీద కూర్చున్న ఆ పిల్ల పేరుతో సహా ఉంది. గొంతు కూడా పట్టెయ్యలేదు. ఆ సంగతి ఆమెకి మాత్రమే తెలుసు.

"అంతేనండి," అంది. "మిగతాది ఏటీ నేదు."

మాస్టారు ఆమెని చాలాసేపు చూశారు. ఆయన చూపు టేబుల్ వైపు వెళ్ళింది. పెన్ను చూశారు, ఫొటో చూశారు. ఆయనకి అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేదని ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది. జవాబు రాని పూర్వపక్షం నిలిచినట్టే ఫాదర్, అది నా గదిలో నేను పెట్టిన నియమమే, ఇవాళ నా ఒక్కడి కోసం మార్చమనను అని, నెమ్మదిగా లేచి, నలుగురు ఫాదర్లకీ నమస్కారం పెట్టి, ఆమె పక్కనుంచే బయటికి వెళ్ళారు. ఆమె భుజానికి తగలకుండా ఒదిగి వెళ్ళారు.

పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు ఆమెకి వినిపించింది.

జూన్ నుంచి ఆ గంట లేదు. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి, కొత్త రంగు వేసి, కంటైనర్ల బొమ్మలు పెట్టారు. నాగవంశీ ఒకరోజు వరండాలో ఎదురై ఆమెని చూసి, అక్కా అనబోయి, మానేసి పక్కకి తిరిగి పోయాడు. ఫాదర్ శౌరిరాజు ఆమెకి స్టూలు బదులు చేతుల కుర్చీ ఇప్పించారు. ఇప్పించిన రోజున, కాస్త ఆగి, ఎంతో దయగా ఒక మాట అన్నారు.

"నేనూ రెండేళ్ళు ఆ క్లాసులో కూర్చున్నానమ్మా. వాదాన్ని సగంలో ఆపితే ఏమవుతుందో మాకు నేర్పింది మాస్టారే."

నిఖిత రెండో తరగతిలో ఉంది. టీచర్ ఏదడిగినా ముందు లేచి చెబుతుందట. సిస్టర్లు మెచ్చుకున్నారని అసిరమ్మ వీధంతా చెప్పి వచ్చింది. సత్యశ్రీ కోరుకున్నది సత్యశ్రీకి దొరికింది. పొద్దున్నే ఐడీ కార్డు తడమడం మాత్రం మానలేదు. ఇప్పుడు నాలుగుసార్లు తడుముతోంది.

మాస్టారు కూర్మన్నపాలెంలో ఒంటరిగా ఉంటారు. జంక్షన్ దాటి లోపలి సందులో, మేడ మీద ఒక గది. ఆమె రెండుసార్లు ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మూడోసారి మోగలేదు. ఓ ఆదివారం, పిల్లకి పుస్తకాలకి అట్టలు కొనాలని ఇంట్లో చెప్పి బస్సెక్కింది. మేడ కింద చిట్టమ్మ అనే ఆవిడ టీ కొట్టు పెట్టుకుంది. మాస్టారు రోజూ పొద్దున్న టీకి దిగుతారనీ, పేపరు చదువుతారనీ, ఈ మధ్య పేపరు తెరవకుండానే మడిచి పెట్టేస్తున్నారనీ చెప్పింది. అయిదు రోజులుగా దిగడం లేదంది. మొదటి రెండు రోజులూ తను పైకి వెళ్ళి తలుపు కొడితే, ఉన్నానమ్మా, ఒంట్లో బాగోలేదంతే అన్నారట. నిన్న కొడితే పలకలేదంది. ఊరెళ్ళారేమో, నాను కొట్టు ఒగ్గీసి ఎన్నిసార్లెక్కను తల్లీ అంది.

సత్యశ్రీ మెట్లెక్కింది. తలుపు వేసి ఉంది. బయట తాళం లేదు. గుమ్మం పక్కన ఆయన చెప్పులు, రెండూ సరిగ్గా జత చేసి ఉన్నాయి. తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తింది. లోపలినుంచి ఆయన వచ్చి తలుపు తీస్తే ఎదురుగా తను ఉంటుంది. ఆయన ఏమీ అనరు. రామ్మా కూర్చో అంటారు. అది తట్టుకోవడం తన వల్ల కాదనిపించింది. ఎత్తిన చెయ్యి దించి, మెట్లు దిగి, టీ కొట్టు వైపు చూడకుండా బస్సెక్కేసింది. దారిలో గుర్తొచ్చి అట్టలు కొంది.

ఇంటికొచ్చి నరేష్‌తో గుమ్మంలో చెప్పులున్నాయి బావా అంది. ఆయనకి ఇంకో జత ఉండకూడదా అన్నాడు నరేష్. అది మంగళవారం దాకా ఆమెకి సరిపోయింది. మంగళవారం నుంచి సరిపోవడం లేదు. మళ్ళీ వెళ్దామంటే ఆమె వెళ్ళలేకపోతోంది. ఇంకెవరినైనా పంపాలంటే ఎందుకో చెప్పాలి, అదీ చెప్పలేకపోతోంది.

అందుకని, ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా అటు పని పడితే, కూర్మన్నపాలెం జంక్షన్లో దిగండి. మెయిన్ రోడ్డు వదిలి ఎడమ చేతి రెండో సందులోకి తిరిగితే టీ కొట్టు కనిపిస్తుంది. పక్కనే ఇనప మెట్లు. పైన ఒకటే గది. తలుపు కొట్టండి. పలక్కపోతే ఊరెళ్ళారనుకుని దిగిపోకండి, ఇంకా గట్టిగా కొట్టండి, కింద మగవాళ్ళని పిలిచి అయినా తీయించండి. శ్రీరామ్మూర్తి మాస్టారూ అని పిలవండి. ఎవరు పంపారని ఆయన అడిగితే మీ ఇష్టం, ఏదో ఒకటి చెప్పండి. కానీ ఎలా ఉన్నారో ఒక్కసారి చూడండి.